ఆ కథ ఎప్పుడు చెబుతారు?



ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ, మీ వీధిలో అమెరికా మనవలున్న తాతగారు ఒక్కరైనా ఉండే ఉంటారు. ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ వస్తుంది. ‘హాయ్ తాతా’ అన్నాక మనవడికి తెలుగు అందదు, తాతకు ఇంగ్లీషు అందదు. తప్పంతా అమెరికాదే అనుకుంటాం. నా మటుకు నాకు ఈ దూరం మన ఇళ్లలోనే మొదలవుతోందనిపిస్తుంది. ఈ సెలవుల్లో రెండు సినిమాలు చూడండి.

మొదటిది 1987లో వచ్చిన ‘పడమటి సంధ్యారాగం’. తీసిన జంధ్యాల గారిది మన నరసాపురమే. అమెరికాలో ఉన్నా ఇంట్లో మన పద్ధతులు మారకూడదని పట్టుబట్టే తండ్రిగా గుమ్మలూరి శాస్త్రి, పక్కింటి అమెరికా కుర్రాణ్ణి ఇష్టపడే కూతురిగా విజయశాంతి కనిపిస్తారు. నవ్వుతూ చూస్తాం గానీ, ఆ తండ్రి కూతురికి ఇవ్వాలనుకున్నదంతా ‘వద్దు’ అన్న మాటగానే చేరుతుంది.

రెండోది మీరా నాయర్ ‘ది నేమ్‌సేక్’ (2006). జుంపా లాహిరి నవల ఆధారంగా తీశారు. ‘నిన్నే పెళ్లాడతా’ టబు ఇందులో తల్లి. అమెరికాలో పుట్టిన కొడుక్కి తండ్రి గోగోల్ అని ఒక రష్యా రచయిత పేరు పెడతాడు. కొడుక్కి ఆ పేరంటే చిన్నతనం, పెద్దయ్యాక మార్చేసుకుంటాడు. నిజానికి తండ్రి కుర్రతనంలో రైలు ప్రమాదంలో చావు తప్పించుకున్నప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఆ రచయిత పుస్తకమే. ఈ సంగతి కొడుక్కి చెప్పడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. చెప్పిన తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

ఈ తండ్రి మంచివాడు, చదువుకున్నవాడు, కొడుకంటే ప్రాణం. అయినా వాయిదా వేశాడు. నాకు భయం వేసింది అక్కడే.

మనం వాయిదా వేస్తున్నవి లేవా? కొల్లేరు లంకల నుంచి మన బస్సెక్కే పిల్లల్ని అడిగి చూడండి. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన సంగతి ఎందరికి తెలుసు? ఆ రోజుల్లో ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో, ఎవరి దగ్గర అప్పు తెచ్చారో, మళ్లీ ఎలా నిలదొక్కుకున్నారో మీరు చెప్పారా? సరస్సుకు, పక్షులకు జరిగిన నష్టమూ చెప్పాలి, అదీ ఆ కథలోదే. పిల్లలకు మాత్రం ఫీజు కట్టిన రసీదు ఒక్కటే కనిపిస్తుంది.

పిల్లలు విసుక్కుంటారని, మార్కులు తగ్గుతాయని మానేస్తున్నాం. ఇంకో సంగతి, ఇది మా బడివాళ్లకూ వర్తిస్తుంది. ఇంగ్లీషులోనే మాట్లాడాలన్న నియమం బడి గేటు దాకానే. ఇంట్లో నాన్నమ్మ ముందు కూడా దాన్ని అమలు చేసే తల్లిదండ్రులున్నారు. అమెరికా వెళ్లకుండానే వాళ్ల పిల్లలు అమెరికా మనవలైపోతున్నారు.

సినిమా అయ్యాక ఒక ఆదివారం కైకలూరు దగ్గర ఆటపాకకు వెళ్లండి. గూడబాతుల్ని చూపించి, గట్టు మీద కూర్చుని మీ ఇంటి సంగతి ఏదైనా ఒకటి, సగమైనా సరే, తెలుగులో చెప్పండి. ‘తర్వాతేమైంది నాన్నా?’ అని అడిగితే సోమవారం హోంవర్కు కాస్త ఆలస్యమైనా మేం ఏమీ అనుకోం.