వేరే గ్లాసులో ఇంటర్నెట్

(వాడలో సిగ్నల్ – 4)

పోయిన భాగం కింద ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, పేదోడికి కాస్త ఇంటర్నెట్ ఫ్రీగా ఇస్తామంటే అడ్డం పడ్డారు కదా. ఈ నెట్ న్యూట్రాలిటీ కడుపు నిండినోళ్ళ గొడవ కాదా?" వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. 2015 డిసెంబర్‌లో ఫ్రీ బేసిక్స్‌కి మద్దతుగా ట్రాయ్‌కి మెసేజ్ పంపమని ఫేస్‌బుక్ తన యూజర్లకు నోటిఫికేషన్లు పెట్టింది. చదవకుండా బటన్ నొక్కేసిన వాళ్ళలో నేనొకణ్ణి. ఆ తొందర నాదే.

ఇప్పుడు డిగ్రీ చదివే పిల్లలకు ఈ కథ తెలియదు కాబట్టి రెండు ముక్కలు. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ పేరుతో ఆరు రాష్ట్రాల్లో దీన్ని మొదలుపెట్టాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. తర్వాత పేరు ఫ్రీ బేసిక్స్ అయింది. డేటా ప్యాక్ లేకపోయినా కొన్ని సైట్లు తెరుచుకుంటాయి. ఏవి? ఫేస్‌బుక్ షరతులకు ఒప్పుకున్నవి. వీడియో ఉండకూడదు, ఇంటర్నెట్ కాల్స్ ఉండకూడదు, పెద్ద ఫొటోలు ఉండకూడదు. జుకర్‌బర్గ్ పేపర్లో వ్యాసం రాసి మరీ దీన్ని లైబ్రరీతో, ప్రభుత్వాసుపత్రితో పోల్చాడు.

మనం పోల్చాల్సింది టీ కొట్టు దగ్గర రెండు గ్లాసులతో. వేరే గ్లాసులో పోసేది కూడా టీయే. డబ్బులు తీసుకోకుండా పోసినా అది వేరే గ్లాసే. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని చవదార్ చెరువుకి నడిచారు. దాహం తీరితే చాలనుకుంటే ఎక్కడో ఒక బావి తవ్వించి ఇమ్మని అడిగేవారు. ఊరంతా తాగే చెరువులోనే దిగి నీళ్ళు తాగారు.

వీడియో వద్దన్న షరతు దగ్గర కాసేపు ఆగండి. పల్లె మీద దాడి జరిగితే మన దగ్గరుండే సాక్ష్యం ఏంటి? ఎఫ్‌ఐఆర్ రాయించుకోవడానికే స్టేషన్ ముందు కూర్చోవాల్సిన వాళ్ళం. ఎవరో ఒక పిల్లోడు ఫోన్లో తీసిన రెండు నిమిషాల వీడియోయే సాక్ష్యం. దళిత్ కెమెరా ఉన్నది యూట్యూబ్‌లో. ఆ ఫ్రీ ఇంటర్నెట్‌లో అది తెరుచుకోదు. తెరుచుకునేది ఫేస్‌బుక్, వాతావరణం, ఉద్యోగ ప్రకటనల్లాంటివి. మనం వినాలి, చూడాలి. మన మాట మాత్రం బయటికి పోకూడదు!

ట్రాయ్ ఈ విషయం తేల్చిన నెలలు ఏవో గుర్తు చేసుకోండి. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనల్ని వదిలి వెళ్ళాడు. హాస్టల్ నుంచి వెలి వేస్తే ఆ అయిదుగురు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కట్టుకున్న వెలివాడ గురించి, రోహిత్ చివరి ఉత్తరం గురించి దేశమంతా ఫోన్లలో చదివింది. సుమారు మూడు వారాలకు, ఫిబ్రవరి 8న, ఒక్కో సైట్‌కి ఒక్కో రేటు పెట్టడానికి వీల్లేదని ట్రాయ్ ఆర్డర్ ఇచ్చింది. ఏ వార్త ఎవరికి చేరాలో కంపెనీ జాబితా నిర్ణయించే దేశంలో ఆ ఉత్తరం ఎంత దూరం పోయేది?

కాబట్టి తమ్ముడూ, అది మన గొడవే. కానీ నీ ప్రశ్నలో సగం నిజం ఉంది, దాన్ని దాటేయను. సేవ్ ది ఇంటర్నెట్ అంటూ 2015లో పది లక్షలకు పైగా మెయిళ్ళు పంపిన ఉద్యమం గెలిచింది. గెలిచాక చాలామంది ఇంటికి పోయారు. వాళ్ళ ఇళ్ళల్లో వైఫై ఉంది. చెరువు అందరిదీ అని తీర్పొచ్చింది, గట్టు మీద టికెట్ కౌంటర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైంది, నిజమే. అలవాటు చేశాక 2024 జులైలో పెద్ద కంపెనీలన్నీ కలిసికట్టుగా రేట్లు పెంచాయి. 28 రోజుల ప్యాక్ లెక్క చూడండి: ఏడాదికి నెలలు పన్నెండు, రీచార్జ్‌లు పదమూడు. రోజు కూలి మీద బతికే ఇంట్లో ఆ పదమూడోది ఎక్కడి నుంచి వస్తుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు వందకు 21 మంది. మగవాళ్ళు 49 మంది దాకా. మన అమ్మలు, అక్కలు ఎటువైపు ఉంటారో చెప్పక్కర్లేదు. స్కాలర్‌షిప్ అప్లికేషన్ ఆన్‌లైన్, కౌన్సెలింగ్ ఆన్‌లైన్, హాల్‌టికెట్ ఆన్‌లైన్. ప్రభుత్వం అన్ని గుమ్మాలూ ఫోన్లోకి మార్చి, ఆ ఫోన్‌కి రీచార్జ్ మీ ఖర్మ అంది. 2020 జూన్ 1న, కేరళలో ఆన్‌లైన్ క్లాసులు మొదలైన రోజునే, ఇంట్లో టీవీ పాడై స్మార్ట్‌ఫోన్ లేని ఒక దళిత బాలిక మలప్పురం జిల్లాలో చనిపోయింది.

డబ్బు కట్టినా అందని రోజులూ ఉన్నాయి. 2022 మే 24న జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. తర్వాత రోజుల తరబడి కోనసీమలో నెట్ కట్. నిప్పు పెట్టినోడికీ, రాత్రంతా మేలుకుని పేట కాపలా కాసినోడికీ ఒకే శిక్ష. సమానత్వం మనకు ఇలాంటప్పుడే దొరుకుతుంది. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ ఉందని 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు ఇంటర్నెట్ అందడమే హక్కా అన్న ప్రశ్న మాత్రం తేల్చలేదు. అంతకు ముందే, 2019లో, హాస్టల్లో ఫోన్ లాక్కోవడం మీద ఒక విద్యార్థిని వేసిన కేసులో కేరళ హైకోర్టు అది హక్కే అంది. కేసు వేసింది ఒక హాస్టల్ అమ్మాయి, గమనించండి.

వచ్చే భాగం మన సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ గురించే. మీ హాస్టల్లో వైఫై ఉందా? ఉంటే పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, పిల్లల దగ్గరా, వార్డెన్ దగ్గరా? నెలకి ఎంత రీచార్జ్ చేస్తున్నారు, దానికోసం ఏం మానుకుంటున్నారు? హాస్టల్ పేరు, మీ పేరు వద్దు, జిల్లా చాలు. కామెంట్లో రాయలేకపోతే ఇన్‌బాక్స్‌లో రాయండి. అన్నీ పోగేసి ఆర్టీఐ వేద్దాం.

జై భీమ్.