ఏ కన్ను? ఏ దశ? చీటీలో రాయండి

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని మెడికల్ కోడింగ్‌లో చేరిన తెలుగు పిల్లల్లో నేనూ ఒకదాన్ని. అమెరికాలోని కంటి ఆసుపత్రుల చార్టులు చదివి, డాక్టరు రాసిన జబ్బుకు సరైన కోడ్ వేయడం నా ఉద్యోగం.

షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్న కేసుల్లో ఆ కోడ్ ఏడు స్థానాల దాకా సాగుతుంది. ఇ11.3511 అంటే టైప్ 2 షుగర్, కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చిన ముదురు దశ, మాక్యులా (రెటీనా నడిమి భాగం) వాపు ఉంది, కుడికన్ను. అదే మనిషికి ఎడమకంట్లో తొలిదశే ఉండి వాపు లేకపోతే ఇ11.3292. కుడో ఎడమో చెప్పే ఆ ఆఖరి అంకె 2016 అక్టోబరు నుంచి తప్పనిసరి. డాక్టరు ఉత్త 'డయాబెటిక్ రెటినోపతి' అని రాసి వదిలేస్తే నాకు మిగిలేది ఇ11.319, అంటే దశ చెప్పలేదని. రెటీనా ఫొటో చార్టులోనే ఉన్నా, అందులో రక్తపు చుక్కలు నా కంటికి కనిపిస్తున్నా, దశ నేను తేల్చకూడదు. డాక్టరుకు క్వెరీ పెట్టి జవాబు కోసం ఆగాలి.

అదంతా బిల్లు కోసమేగా అంటారు. బిల్లు కోసమే. అయినా అలా రాసిన ముక్కలే మరుసటి ఏడు ఇంకో డాక్టరుకు పనికొస్తాయి. నిరుడు తొలిదశ, ఈసారి మధ్యదశ అని చార్టు తిప్పగానే తెలుస్తుంది.

ఇక సూర్యాపేటలో ఉండే మా పిన్ని చీటీ చూడండి. పైన బీపీ, షుగర్ అంకెలు. మధ్యలో రెండు కళ్లకు రెండు గుండ్రాలు అచ్చేసి ఉన్నాయి, రెండూ ఖాళీ. కింద 'డీఆర్ ప్లస్, రివ్యూ' (డయాబెటిక్ రెటినోపతి ఉంది, మళ్లీ రండి) అని గీకి సంతకం. ఏ కన్ను, ఎంత ముదిరింది, ఎప్పుడు రావాలి, ఏదీ లేదు. హైదరాబాదులో మరో ఆసుపత్రికి తీసుకొస్తే "క్రితంసారి ఎంత ఉందమ్మా?" అన్నారు డాక్టరుగారు. మా దగ్గర జవాబు లేదు. "నాకు బాగానే కనిపిస్తోంది కదే, ఎందుకీ తిరుగుళ్లు" అంటుంది పిన్ని. ఈ జబ్బుతో చిక్కే అది. మాక్యులా వాచేదాకా, లోపల రక్తం చిమ్మేదాకా చాలామందికి చూపులో తేడా తెలియదు. తొలిదశలో ఏడాదికోసారి చూపించుకుంటే సరిపోవచ్చు, తీవ్ర దశలో కొద్ది నెలలకే రావాలి. తమది ఏ దశో తెలియనివాళ్లు ఎప్పుడు వస్తారు?

డాక్టర్లకు తీరిక లేదన్నది నిజం. పొద్దున్నే ఓపీ ముందు లైను చూసినవాళ్లెవరూ కాదనలేరు. కానీ లెన్సు పెట్టి చూసిన క్షణంలోనే దశ డాక్టరుకు తెలిసిపోతుంది. అది కాగితం మీద పెట్టడానికి అర నిమిషం చాలు. నా కోపం డాక్టర్ల మీద కన్నా పద్ధతి మీద. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఆసుపత్రికి డబ్బులు చేసిన చికిత్సను బట్టి, ప్యాకేజీ లెక్కన వస్తాయి. ఓపీ చీటీలో దశ రాశారా లేదా అని అడిగే నాథుడు లేడు. ఇప్పుడు ఆభా అనే ఆరోగ్య ఖాతా నంబరిచ్చి రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కిస్తామంటున్నారు. 'డీఆర్ ప్లస్' అని ఎక్కిస్తే కంప్యూటర్లోనూ ఆ రెండు ముక్కలే ఉంటాయి.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ కంటి చీటీ నమూనా మార్చాలి. 2018లో తెలంగాణలో కంటి వెలుగు కార్యక్రమం ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లద్దాలు పంచింది, ఎంతో మంచి పని. మళ్లీ అలాంటి శిబిరాలు పెడితే అక్కడా ఆ కొత్త చీటీయే వాడాలి. కుడి, ఎడమ విడివిడిగా. దశ ఏమిటి, మాక్యులా వాపు ఉందా, మళ్లీ ఏ నెలలో రావాలి. టిక్కు పెడితే చాలేలా, తెలుగులో అచ్చేయాలి. ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు, నిధులూ పెద్దగా అక్కర్లేదు. ఒక్క జీవో చాలు.

ఆ జీవో వచ్చేలోగా మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, గది దాటకముందే ఇవన్నీ అడిగి రాయించుకోండి. పాత చీటీలు పారేయకుండా తేదీల వారీగా ఒకే ఫైల్లో పెట్టండి, ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆ ఫైలు చేతిలో ఉండాలి.