రెండు గుంటల మడి అడుగుతున్నాం

గద్వాల సీడ్ పత్తి చేలల్లో పొద్దు వాలే వేళ పని చూసినవాళ్లకు తెలుస్తుంది. తెల్లారితే విచ్చే ఆడ మొగ్గను కైకిలి ఆడవాళ్లు చూపుతోనే గుర్తుపడతారు. పూరేకులను, పుప్పొడి తిత్తులను గోటితో ఒలిచేస్తారు. లోపలి కీలం మీద గీత పడకూడదు, ఒక్క తిత్తి మిగలకూడదు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. మబ్బు పట్టిన రోజు ఎంతసేపు ఆగాలో, మంచు ఆరకముందే రుద్దితే ఏమవుతుందో వాళ్లనడగండి, చెప్తారు. దేశమంతా విత్తుకునే హైబ్రిడ్ పత్తి విత్తనంలో పెద్ద వాటా ఈ వేళ్ల నుంచే పోతుంది. కాగితాల్లో మాత్రం వీళ్ల పేరు లేబర్.

పంట ఎత్తాక నెలలు గడిచి విత్తన కంపెనీ తరఫు ఆర్గనైజర్ దగ్గర్నుంచి ఒక్క ముక్క వస్తుంది: జీవోటీ ఫెయిల్. అంటే విత్తనాన్ని పెంచి చూసే పరీక్షలో జన్యు స్వచ్ఛత లేదని తేలింది, డబ్బులు రావు. ఎందుకు ఫెయిలైందో రైతుకు తనదైన ఆలోచన ఉంటుంది. పక్క చేను పుప్పొడి తేనెటీగలతో వచ్చిందంటాడొకడు. మీరిచ్చిన మగ విత్తనంలోనే కల్తీ ఉందంటాడు ఇంకొకడు. ఇవి నిజమో కాదో తేల్చడం శాస్త్రానికి కష్టమేమీ కాదు. కానీ రైతు చెప్పేది వాదనగా ఎవరూ రాసుకోరు, గొడవగా రాసుకుంటారు.

గద్వాల ఒక్కదాని గోస కాదిది. నాగర్‌కర్నూల్ వైపు నాకు తెలిసిన రైతు ఒకాయన యాసంగి పల్లిలో సాళ్లు ఎడం చేసి, విత్తనం దాదాపు సగానికి తగ్గించి వేస్తాడు. మొక్కలు తగ్గినా చెట్టుకు కాయలు పెరిగి దిగుబడి నిలబడుతుందని ఆయన మాట. పల్లి రైతుకు విత్తనం ఖర్చే నడుము విరిచే ఖర్చు గనక అది చిన్న మాట కాదు. పిల్లల స్కూలు నోట్‌బుక్‌లో పంటకింత అని లెక్క రాసుకున్నాడు. ఒక ఆఫీసుకు పట్టుకుపోయాడు. అక్కడి సారు నోట్‌బుక్ తెరవకుండానే 'ఏ జర్నల్‌లో వచ్చిందయ్యా ఇది' అన్నాడట. పక్కవాళ్లు నవ్వారట. ఈయనా నవ్వి వచ్చేశాడు. నోట్‌బుక్ మాత్రం ఆ తర్వాత ఎవరికీ చూపించలేదు.

ఆయన లెక్క సరైనదని నేను పూచీ పడను. పక్కనే మామూలు పద్ధతిలో ఇంకో మడి వేసి పోల్చలేదు, ఆ సంవత్సరాల్లో వానలు కలిసొచ్చి ఉండొచ్చు, నేల బాగుండి ఉండొచ్చు. పల్లిలో మొక్కల సంఖ్య తగ్గితే దిగుబడి తగ్గుతుందని పుస్తకాలు ఊరికే చెప్పవు. కానీ ఈ నాలుగు ముక్కలూ ఆయనతో అనాల్సింది ఆ కుర్చీలో కూచున్నాయన. తప్పంటే ఎక్కడ తప్పో చెప్పాలి. నవ్వడానికి జీతమెందుకు?

తోటి శాస్త్రవేత్తల పరిశీలన వద్దని నేను అనడం లేదు. ఒక శాస్త్రవేత్త రాసిన వ్యాసాన్ని అదే విద్య తెలిసిన ఇంకో ఇద్దరు ముగ్గురు గుచ్చి గుచ్చి చూశాకే అచ్చు వేయడం మంచి పద్ధతి. నాటు మందుల ప్రకటనలు చూసేవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ దర్బారులోకి పోవాలంటే ఇంగ్లీషు రావాలి, గణాంకాలు రావాలి, వెనకాల ఒక సంస్థ పేరుండాలి. ఆ పల్లి రైతుకు ఈ మూడింట్లో ఏదుంది? వాకిలి బయట నిలబడ్డవాడిని లోపలి నియమాలు చదివి పంపించేస్తున్నాం.

విత్తనం తగ్గించి మొక్కలు ఎడం చేయమనే మాట వరి విషయంలో కూడా ఒకప్పుడు ఇట్లాగే బయటి నుంచే వచ్చింది. మడగాస్కర్‌లో రైతుల మధ్య బతికిన హెన్రీ ద లొలానియె అనే ఫ్రెంచి ఫాదరీ 1983లో అనుకోకుండా పదిహేను రోజుల లేత నారు నాటించాల్సి వచ్చింది. ఆ నారు ఊహించనన్ని పిలకలు పెట్టింది. ఆయన దాన్ని పట్టుకుని ఏళ్లకేళ్లు సవరిస్తూ పోయాడు. 8 నుంచి 12 రోజుల రెండాకుల నారు, కుదురుకు ఒకే మొక్క, ఇటూ అటూ 25 సెంటీమీటర్ల ఎడం, నీళ్లు నిలబెట్టకుండా ఆరుతడి, కలుపు మీద వీడర్. ఎకరానికి 20, 30 కిలోల విత్తనం పోసే చోట 2 కిలోలు చాలన్నాడు. దాన్ని ప్రపంచం ముందు పెట్టిన కార్నెల్ విశ్వవిద్యాలయపు నార్మన్ అప్‌హాఫ్ కూడా వరి శాస్త్రవేత్త కాదు, రాజనీతి శాస్త్రం చదివినవాడు.

శాస్త్ర లోకం ఏమన్నది? 2004లో 'ఫీల్డ్ క్రాప్స్ రీసెర్చ్' పత్రికలో ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని యూఎఫ్‌ఓ అన్నారు. ఎగిరే పళ్లేలకు వాడే ఆ పొట్టి పేరునే 'ఎవరూ ధ్రువీకరించని పొలం పరిశీలనలు' అని విప్పి వెటకారం చేశారు. మడగాస్కర్ నుంచి హెక్టారుకు 15 టన్నులు దాటాయని వచ్చిన లెక్కలు చూస్తే వాళ్ల చిరాకు అర్థమవుతుంది. ఆ లెక్కలు ఇంకెక్కడా నిలబడలేదు.

కానీ ఆ వెటకారం అచ్చయ్యే ముందే మన దగ్గర ఇంకో పని జరిగింది. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో విస్తరణ సంచాలకుడు డాక్టర్ ఆలపాటి సత్యనారాయణ శ్రీలంకలో ఈ సాగు చూసి వచ్చారు. జర్నళ్లలో వాదన తేలేదాకా ఆగుదామనలేదు. 2003 ఖరీఫ్‌లోనే హైదరాబాద్ తప్ప ఉమ్మడి రాష్ట్రంలోని 22 జిల్లాల్లో రైతుల పొలాల్లో ఈ పద్ధతిని శ్రీ వరి పేరుతో వేయించారు. మన పాలమూరూ అందులో ఉంది. మామూలు నాటు మడితో పోలిస్తే హెక్టారుకు సగటున రెండున్నర టన్నులు ఎక్కువ వచ్చిందని విశ్వవిద్యాలయం లెక్క తేల్చింది. 15 టన్నులు రాలేదు, మాయలేవీ జరగలేదు. విత్తనం మిగిలింది, నీళ్లు మిగిలాయి. తర్వాత భువనేశ్వర్‌లోని కేంద్ర ప్రభుత్వ నీటి యాజమాన్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పక్కపక్క మడుల్లో పోల్చి చూసి, వేళ్లు లోతుకు దిగుతాయని, దిగుబడి పెరుగుతుందని 2010లో జర్నళ్లలోనే అచ్చు వేశారు.

శ్రీ వరి పేరు ఇప్పుడు తక్కువగా వినపడుతుందంటే ఆ కారణాలు కూడా పొలమే చెప్పింది. పసి నారును ఒక్కొక్కటిగా గీత మీద పెట్టడం కైకిలోళ్లకు నచ్చలేదు. కోనో వీడర్ నెట్టాలంటే రెక్కలు పడిపోయేవి. బోరుకు కరెంటు ఉచితమయ్యాక నీళ్లు మిగిల్చే తొందర తగ్గింది. ఒక ఆలోచనను తూచడమంటే ఇదే. ఎంత పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్న రెండూ తేలాయి. ఆ ఫాదరీ నోట్‌బుక్ చూసి నవ్వి ఊరుకుంటే రెండూ తేలేవి కావు.

మనకు నవ్వడం, మొక్కడం రెండే వచ్చు. 2021 మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకు ఇచ్చిన మందు కోసం వేల మంది బారులు తీరాక గానీ ఆయుష్ శాఖవాళ్లు, కేంద్ర సంస్థలు కదల్లేదు. నెలాఖరుకు కంట్లో వేసే చుక్కలను పక్కన పెట్టి మందుకు అనుమతి వచ్చేసింది. జనం ఎగబడితే రోజుల్లో పరీక్షలు, ఎగబడకపోతే జన్మలో లేవు. సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన ప్రకృతి సాగు సంగతీ అంతే. ఒకవైపు ప్రభుత్వాలు బడ్జెట్ ప్రసంగాల్లో పొగిడాయి, మరోవైపు 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ అది రుజువు కాని పద్ధతి, ప్రోత్సహించొద్దు అన్నది. అప్పటికే ఆ సాగు చేస్తున్న రైతులు ఈ ఇద్దరి మధ్య నిలబడి చూశారు.

ఆలోచన నెగ్గినా పేరు రైతుకు దక్కదు. గద్వాలలో, వనపర్తిలో ఏ కిరాణా కొట్టుకు పోయినా హెచ్‌ఎంటీ బియ్యం అడుగుతాం. దాన్ని కనిపెట్టింది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రాగడే. మూడో తరగతి చదివినవాడు, ఎకరంన్నర ఆసామి. తన మడిలో వేరుగా కనపడ్డ కొన్ని వెన్నులు ఏరి, ఏళ్ల తరబడి పెంచాడు. అప్పట్లో జనం మోజుపడే చేతి గడియారం పేరే దానికి వచ్చింది. 1998లో ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్నే మెరుగుపరిచామని తన పేరు తగిలించి విడుదల చేసింది. దాదాజీ 2018లో పేదగానే పోయాడు. ఆయన బియ్యం మన పెళ్లి భోజనాల్లో ఇంకా ఉడుకుతున్నది.

అట్లాగని శాస్త్రవేత్తలంతా ఒకటే అంటే పాపం. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం పరిశోధన కేంద్రం క్రాంతి, హరిత ఆముదాలు ఇచ్చింది, ఈ ప్రాంతపు చెలకలకు అవి పట్టెడన్నం పెట్టాయి. అక్కడినుంచే పాలెం పచ్చజొన్న వచ్చింది. పచ్చజొన్నను తరతరాలుగా గుమ్మిలో దాచింది మాత్రం ఇక్కడి ముసలమ్మలే. దాచినవాళ్లు, పరీక్షించినవాళ్లు కలిస్తే ఏమవుతుందో చూపించడానికి వేరే దేశం పోనక్కర్లేదు. 2001 మొక్కల రకాల చట్టం రైతు పెంచిన రకాన్ని రైతు పేరునే నమోదు చేసుకోమంటున్నది. చట్టం ఢిల్లీలో ఉంది, రైతు గట్టు మండలంలో ఉన్నాడు.

రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. వాటిలో తెర మీద హైదరాబాద్ మాట్లాడుతుంది, ఊరు వింటుంది. తెర వద్దనను. ఊరు చెప్పేది రాసుకోవడానికి అక్కడే ఒక రిజిస్టర్ పెట్టండి. పాలెంలో, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రంలో సంవత్సరానికి రెండు గుంటల మడి రైతుల ఆలోచనలకు వదలండి. పక్కనే మీ పద్ధతి వేయండి, రైతును ఎదురుగా నిలబెట్టి తూకం వేయండి. ఫెయిలైతే ఫెయిలని కారణాలతో తెలుగులో రాసివ్వండి, తీసుకుంటాం.

రైతులకూ ఒక మాట. నోటి మాట మీద పోకండి. ఏ తేదీన విత్తారో, ఎన్ని కిలోలు పోశారో, ఎన్ని తడులు పెట్టారో, పక్క మడిలో మామూలుగా వేస్తే ఎంత వచ్చిందో రాసిపెట్టండి. రాసిన కాగితం వ్యవసాయాధికారికి ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం పెట్టించుకుని రండి.