మత్తు మీద పడ్డ నింద

మా కలికిరి పక్క క్యాన్సర్ ఆపరేషనంటే కత్తి కంటే మత్తుకే ఎక్కువ జడుస్తారు. "మత్తిస్తే ఒంట్లో సత్తువ పోతాది, జబ్బు పాకతాది" అని మా పెద్దమ్మ టమోటా కోతలయ్యేదాకా తిరుపతి ప్రయాణం వాయిదా వేసింది.

నవ్వి కొట్టిపారేసే మాట కాదది. క్యాన్సర్ కణాలను వెతికి చంపే ఎన్.కె. కణాలు మన రక్తంలో ఉన్నాయి. ఆపరేషన్ గాయం, నొప్పి వల్ల అవి కొన్నాళ్ళు మందగిస్తాయి. పీల్చే మత్తుకూ, మార్ఫిన్‌కూ ఇందులో వాటా ఉందని శాస్త్రజ్ఞులే అనుమానించారు.

అయితే 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన చూడండి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషనైన 2,108 మంది స్త్రీలలో కొందరికి పీల్చే మత్తు, మిగతావారికి వెన్ను పక్క నరాలకు మందు ఇచ్చారు. జబ్బు తిరగబెట్టింది రెండువైపులా నూటికి పదిమందికే!

ఇంకో విశేషం మన దేశానిదే. టాటా మెమోరియల్ డాక్టర్ బద్వే బృందం కత్తి పెట్టేముందు గడ్డ చుట్టూ లిడోకెయిన్ ఎక్కించింది. పన్ను పీకేటప్పుడిచ్చే చవక మందే అది. అయిదేళ్ళకు బతికున్నవారు నూటికి 86.4 నుంచి 90.1కి పెరిగారని 2023లో ప్రకటించారు.

సంతకం పెట్టించుకునే ముందు ఎవరైనా ఈ సంగతి తెలుగులో చెప్పకూడదా? పెద్దమ్మకు నేనే చెప్పేవాణ్ణి. అప్పటికి నాకూ తెలియదు.