పదకొండు సర్టిఫికెట్లు కాదు.. ఒక్క లూప్ చాలు!

బీటెక్ అయ్యాక వెళ్లిన ఓ ఇంటర్వ్యూ ఇప్పటికీ గుర్తే. నా రెజ్యూమేలో పదకొండు కోర్సుల సర్టిఫికెట్లున్నాయి. ఎదురుగా కూర్చున్నాయన వాటి వంక చూడనే లేదు. సీలో ఒక ఆడియో ఫిల్టర్ రాయమన్నారు. రాశాను. 'ఇదే ప్రాసెసర్ మీద ఇంకా వేగంగా ఎలా నడుపుతావ్?' అన్నారు. నోట మాట రాలేదు. ఉద్యోగమూ రాలేదు.

ఆ రోజు నాకు తెలియనిది సిమ్‌డ్. ఒకే ఆదేశంతో ఒకేసారి చాలా సంఖ్యల మీద లెక్క చేయడమన్నమాట. కొత్తదేం కాదు. ఇంటెల్ 1997లోనే ఎంఎంఎక్స్ తెచ్చింది. 1999లో వచ్చిన ఎస్ఎస్ఈ ఒకేసారి 4 ఫ్లోట్‌లను, 2011 నాటి ఏవీఎక్స్ 8 ఫ్లోట్‌లను పట్టేస్తాయి. ఫోన్లలోని ఆర్మ్ చిప్‌లలో ఇదే పని నియాన్ చేస్తుంది.

ఆడియోకి ఇదెందుకు? సెకనుకు 48,000 శాంపిళ్లు వస్తుంటే, 128 ట్యాప్‌ల ఎఫ్ఐఆర్ ఫిల్టర్‌కి ఒక్క ఛానెల్‌లోనే సెకనుకు 61 లక్షలకు పైగా గుణకారాలు. ఒక్క ఫిల్టరైతే ల్యాప్‌టాప్‌కి లెక్కే కాదు. కానీ ముప్పై ట్రాకులు, ఒక్కోదానికి నాలుగైదు ఎఫెక్టులు ఉంటే? 256 శాంపిళ్ల బఫర్‌ని సుమారు 5 మిల్లీసెకన్లలో ముగించాలి. ఆలస్యమైతే వినేవాళ్లకి 'టప్'మని తెలిసిపోతుంది.

'కంపైలర్ చూసుకుంటుందిగా' అంటారు చాలామంది. అన్నిసార్లూ చూసుకోదు. ఫ్లోట్‌లను కూడే క్రమం మారితే జవాబు కాస్త మారొచ్చు. అందుకే మనం అనుమతిస్తే తప్ప జీసీసీ ఆ క్రమం జోలికి పోదు. ఒక అవుట్‌పుట్ కోసం 128 లబ్ధాలను కూడే లూప్ దాదాపు ఎక్కడిదక్కడే ఉంటుంది. అదే 8 అవుట్‌పుట్‌లను పక్కపక్కన లెక్కిస్తే ఏ కూడిక క్రమమూ చెదరదు. ఐఐఆర్ ఫిల్టర్‌లో ఈ కిటుకు నేరుగా కుదరదు. ప్రతి అవుట్‌పుట్‌కీ ముందటి అవుట్‌పుట్ కావాలి మరి! అక్కడ వేర్వేరు ఛానెళ్లను పక్కపక్కన పెట్టుకోవాలి.

అందరూ ఏఐ అంటుంటే ఇదేంటి అనుకోవద్దు. న్యూరల్ నెట్‌వర్క్‌ల లోపలా ఎక్కువగా జరిగేది ఈ గుణించి కూడే పనే.

నా మాట ఒక్కటే. ఇంకో సర్టిఫికెట్‌కి డబ్బు కట్టేముందు ఓ వారం ఆగండి. మీ ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే జీసీసీ చాలు. ఒక ఫిల్టర్ రాయండి. టైమ్ కొలవండి. సిమ్‌డ్‌తో మళ్లీ రాసి మళ్లీ కొలవండి. 8 రెట్లు వస్తుందనుకుంటే 3 రెట్లే రావొచ్చు. ఎందుకు తగ్గిందో వెతకండి. ఆ జవాబే ఇంటర్వ్యూలో మీ చేత మాట్లాడిస్తుంది.