రెండు సేవల నడుమ దారి



డిగ్రీ అయిపోయిన పిల్లలు ఒక ఏడాది విదేశంలో జీతం లేని సేవకు పోతామని అడగడం ఈ మధ్య మన సంఘాల్లోనూ మొదలైంది. ఆ ఏడాదిలో కొన్ని నెలలు ఒక చోట, మరికొన్ని నెలలు ఇంకో చోట పని ఉంటుంది. మొదటి చోటి నుంచి రెండో చోటికి బృందమంతా ఒకే వ్యానులో, దారిలో ఊర్లు చూసుకుంటూ వారం పది రోజులు పోతారు. తల్లిదండ్రులు మిగతా అన్నిటికీ ఎలాగో ఒప్పుకుంటారు గానీ ఈ పది రోజుల దగ్గర ఆగిపోతారు. "మావోడు సేవకు పోతుండా, షికారుకు పోతుండా అయ్యగారూ?" అంటారు. సంఘం ఇచ్చే కానుకలోంచి ఆ వ్యానుకు డీజిల్ ఎందుకు పోయాలన్నది వాళ్లు పైకి అడగని ప్రశ్న.

అలా అడిగే తండ్రిని మేము తక్కువ చేయం. కొడిమ్యాల, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు విదేశం అంటే దుబాయి, మస్కట్. ఏజెంటుకు కట్టిన అప్పు, క్యాంపులో మీద ఒకటి కింద ఒకటి మంచాలు, వారానికి ఒక్క శుక్రవారం సెలవు. పదేళ్లు అలా బతికి వచ్చిన మనిషికి "జీతం లేదు, మధ్యలో టూరు ఉంది" అని చెబితే ఎట్లుంటది?

అయినా మా అభిప్రాయం ఇది: ఆ పది రోజులు కూడా సేవే. లోకం చూస్తే మనసు విశాలమవుతుందని కొందరు చెప్పే కారణం మాకు పెద్దగా నచ్చదు. కిటికీ అద్దంలోంచి ఊర్లు చూసినంత మాత్రాన విశాలమైన మనసులు మాకు ఎక్కువ తగల్లేదు. మా కారణం వేరు. పనిచోట ప్రతివాడికీ ఒక బాధ్యత ఉంటుంది, పదిమంది ముందు మంచిగా కనపడాలి. వ్యానులో అవేమీ ఉండవు. ముందు సీటు ఎప్పుడూ ఎవరిది, చాయ్ డబ్బులు తీయనిది ఎవరు, పొద్దున అందరినీ ఆగబెట్టేది ఎవరు, అన్నీ బయటపడతాయి.

మార్కు సువార్త 9వ అధ్యాయం చూడండి. కొంతకాలం ముందే ఒక పిల్లవాణ్ని బాగుచేయలేక నలుగురిలో తలదించుకున్న శిష్యులు, కపెర్నహూముకు వచ్చే దారిలో తమలో ఎవడు గొప్ప అని వాదించుకున్నారు. ఇంట్లోకి వచ్చాక ప్రభువు అడిగింది ఆ దారి మాటల గురించే. వాళ్ల దగ్గర జవాబు లేదు. ఆయన కూర్చుని, పన్నెండుగురినీ పిలిచి, బోధ అక్కడ మొదలుపెట్టాడు.

అపొస్తలుల కార్యములు 20లో పౌలు వెంట ఏడుగురు ఉన్నారు: సోపత్రు, అరిస్తర్కు, సెకుందు, గాయి, తిమోతి, తుకికు, త్రోఫిము. ఒక్క ఊరి వాళ్లు కారు. యెరూషలేము పేదల కోసం పోగైన చందాతో పాటు వచ్చిన సంఘాల మనుషులు వీళ్లేనని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. ఆ డబ్బు వెంట నమ్మకమైన మనుషులు ఎందుకుండాలో 2 కొరింథీయులకు 8లో పౌలే రాశాడు, ఎవరూ వేలెత్తి చూపకూడదని. ఇంకో చిన్న సంగతి. త్రోయ నుంచి అస్సు వరకు మిగతావాళ్లు ఓడలో పోతే, పౌలు నడిచి వెళ్లాడు. దాదాపు 30 కిలోమీటర్లు. ఎందుకో వాక్యం చెప్పదు. అంతమందితో అన్ని రోజులు తిరిగిన మనిషికి ఒక పూట ఒంటరితనం కావాలనిపించి ఉంటుందని మేము అనుకుంటాం.

ఇది మన కాలంలోనూ జరిగింది. 1957లో జార్జ్ వర్వర్ అనే విద్యార్థి ఇద్దరు స్నేహితులతో మెక్సికోకు పుస్తకాలు పట్టుకుపోయాడు. ఆపరేషన్ మొబిలైజేషన్ అలా మొదలైంది. 1960లలో యూరప్ యువకులు పాత లారీల్లో టర్కీ, ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా మన దేశానికి వచ్చారు. ఇక్కడికి చేరేసరికి ఎవరి కోపం ఎంతో, ఎవరి ఓపిక ఎంతో అందరికీ తెలిసిపోయేది. 1979లో ఇరాన్‌లో విప్లవం, ఆ ఏడాది చివర్లో అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం రావడంతో ఆ దారి మూతపడినట్టే అయింది. ఇప్పుడు విమానం దిగిన మర్నాడే మైకు పట్టుకుంటారు. ఒకరినొకరు తెలుసుకునేది సభ అయిపోయాక, అదీ గొడవపడి.

దారి సేవే అన్నాక దానికి సేవకున్నంత జాగ్రత్తా ఉండాలి. ఈ మాట మన మండలంలో వివరించి చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబర్ 11న శనివారంపేట నుంచి జగిత్యాల పోతున్న బస్సు కొండగట్టు ఘాట్ దగ్గర లోయలో పడింది. అందులో వందకు పైగా మనుషులున్నారు. 60 మందికి పైగా చనిపోయారు. మన చుట్టుపక్కల ఊర్లవాళ్లే. "ప్రార్థన చేసుకుని ఎక్కాం, దేవుడే చూసుకుంటాడు" అని పది సీట్ల బండిలో పదహారు మందిని కూర్చోబెట్టే నాయకుణ్ని, అతను ఏ సంస్థవాడైనా సరే, మేము నమ్మం. మనిషికో సీటు ఉండాలి. రాత్రి ప్రయాణం వద్దు. అర్ధరాత్రి దాకా పాటలు పాడిన కుర్రాడు పొద్దున స్టీరింగు పట్టకూడదు, అందులోనూ బండ్లు కుడివైపు నడిచే దేశంలో. డీజిల్‌కు సంఘం కానుక వాడవచ్చు, చూడబోయే కోటకో పార్కుకో టికెట్టు ఎవరి జేబులోంచి వారు కొనుక్కోవాలి.

మధ్యలో మనసు విరిగి తిరిగొచ్చేవాళ్లు కూడా ఉంటారు. మార్కు అనే యోహాను పెర్గే నుంచే వెనక్కి పోయాడు. అతని గురించి పౌలు, బర్నబా విడిపోయేంత గొడవైంది. అదే పౌలు చివరి రోజుల్లో మార్కును వెంటబెట్టుకుని రమ్మని తిమోతికి రాశాడు. కాబట్టి వాపసు టికెట్టు డబ్బు ముందే పక్కన పెట్టాలి, వచ్చినవాణ్ని "ఏమైంది, ఏమైంది" అని ఊరంతా పొడవకూడదు.

ఇవన్నీ మాకంటే బాగా అడగగలిగేది ఆ గల్ఫ్ తండ్రులే. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటది? జబ్బు చేస్తే దవాఖాన ఖర్చు ఎవరిది? రాత్రి ఎక్కడ పండుకుంటరు? కష్టమొస్తే ఫోన్ ఎత్తేది ఎవరు? ఫారాలు నింపుతున్న పిల్లలు వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కాగితాలు పట్టుకుని నాన్నను కూడా తీసుకురండి. దుబాయి, మస్కట్‌లలో పనిచేసి వచ్చిన అన్నలు ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఇంకా మంచిది. ప్రయాణం గురించి ఉన్న పేజీ ముందు చదువుదాం, పని గురించి ఉన్నది తర్వాత.