లాడ్జి గదిలో రెండు లాప్‌టాప్‌లు

మా అత్తమ్మకు సోమశిలలో ఓ పాత మొక్కు ఉంది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు వెళ్లినప్పుడే తీరాల్సింది. ఆ జనంలో స్నానం చేసి బయటపడడమే గగనమైంది, మొక్కు మాట మరిచిపోయాం. మొన్న జూలైలో "ఇంక ఎప్పుడు తీసుకపోతరే?" అని ఆవిడ ముఖం ముడుచుకునేసరికి ఓ శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. మేం నలుగురం, మా చెల్లెలు, దాని కూతురు. చెల్లెలి మొగుడికి డ్యూటీ ఉండి హైదరాబాదులోనే ఉండిపోయారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్‌కు కారులో నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. పులిహోర, పెరుగన్నం, జొన్నరొట్టెలు, ఎండుమిరపకాయల కారం కట్టుకున్నాను. చెట్టు కింద తింటుంటే ఇంట్లో కంటే రెట్టింపు తిన్నారు అందరూ. కొల్లాపూర్ ఒకప్పుడు సురభి వారి సంస్థానం. వాళ్ల కోట ఊళ్లో ఇప్పటికీ చూడొచ్చు. మామిడిపండ్లకు కూడా పేరున్న ఊరు. మేం వెళ్లేసరికి కాలం అయిపోయింది, తోటలు చూసి తృప్తి పడ్డాం.

ఇంక అసలు కథ. మా అబ్బాయికి ఆరోజు సెలవు దొరకలేదు. "లాప్‌టాప్ తెచ్చుకుంటనమ్మా, లాడ్జిలో కూసొని పని చేస్త" అన్నాడు. చెల్లెలి కూతురికేమో ఇంజనీరింగు కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లకు అదే ఆఖరు రోజు. పిల్ల నాలుగు రోజుల ముందే కాలేజీల వరస పెట్టేసుకుంది. కానీ దారిలో ఎవరో బంధువు ఫోన్ చేసి ఫలానా కాలేజీ కంటే ఫలానాది నయం అన్నారు. దాంతో తల్లీకూతుళ్లకు మనసు కుదుట పడలేదు. వరసే ముఖ్యం కదా! పై నుంచి చూసుకుంటూ వస్తే ర్యాంకుకు మొదట ఏది దొరికితే అదే ఇస్తారు. కింద రాసినవాటి జోలికి ఇంక పోరు. ఒక్క గడి తారుమారైతే నాలుగేళ్ల చదువు మారిపోతుంది.

లాడ్జిలో వైఫై ఉందన్నారు. ఉంది, కౌంటరు దగ్గర. మా గది వరండా చివర. మూడు గోడలు దాటి రావాలంటే అది మాత్రం ఏం చేస్తుంది? ఫోనులో ఒకే ఊదరగొట్టు పేరుతో రెండు వైఫైలు కనబడ్డాయి. ఒకదాని చివర 5జీ అని ఉంది. అది ఫోన్ 5జీ కాదట, వైఫైలోనే ఒక రకం. దగ్గర్లో వేగం, గోడలు దాటలేదు. రెండోది నెమ్మది అయినా దూరం వస్తుంది. ఆ రెండోది కలిపాడు మా వాడు. కలిసింది కానీ ఇంటర్‌నెట్ లేదంది!

అరగంట తల పట్టుకున్నాడు. చివరికి తేలిందేమంటే, ఇలాంటి చోట్ల ముందు ఒక పేజీ తెరుచుకుని గది నంబరు, సెల్ నంబరు అడుగుతుంది, అవి ఇచ్చాకే దారి వదులుతుంది. మా వాడి ఆఫీసు లాప్‌టాప్‌లో కంపెనీ వీపీఎన్ తలుపేసి కూర్చుంది, ఆ పేజీని రానివ్వలేదు. దాన్ని కాసేపు ఆపి, పేజీ తెరిచి, నంబర్లిచ్చి, మళ్లీ పెట్టుకోగానే నడిచింది. మీ ఇళ్లల్లో ఇలా ఆఫీసు పని చేసే వాళ్లుంటే ఈ ఒక్కటీ చెప్పి ఉంచండి.

రెండో లాప్‌టాప్ కూడా కలిపేసరికి రెండూ కుంటుపడ్డాయి. అప్పుడు మా వారి సెల్ తీసి హాట్‌స్పాట్ పెట్టాం. గది మధ్యలో ఒక గీత సిగ్నల్, కిటికీ గట్టు మీద మూడు. సెల్‌ను గట్టు మీదే ఉంచి, చార్జింగు వైరుతో లాప్‌టాప్‌కు తగిలిస్తే ఇంకా నయం, అటు నెట్టూ నడుస్తుంది, ఇటు సెల్‌కు చార్జింగూ ఎక్కుతుంది. నా చీరల సంచీ మీద లాప్‌టాప్, దాని ముందు పిల్ల మోకాళ్ల మీద. అత్తమ్మ ఒకటే గొణుగుడు, "దేవుని కాడికొచ్చి గిదేం లొల్లే!"

పేజీ తెరుచుకుంది. అంతలోనే ఆగిపోయింది. మా వారి సెల్‌కు రోజు డేటా అయిపోయిందని మెసేజి! లాప్‌టాపు మా సెల్ డేటాను ఇంటి వైఫై అనుకుని, తన సొంత అప్‌డేట్లన్నీ గుట్టుగా దించేసుకుందట. ఇది నాకు కొత్త సంగతి. హాట్‌స్పాట్‌కు కలపగానే సెట్టింగుల్లో 'మీటర్డ్ కనెక్షన్' అన్నది ఆన్ చేస్తే చాలావరకు ఊరుకుంటుందట. ఆ రోజు మమ్మల్ని కాపాడింది నా సెల్. దాంట్లో వేరే కంపెనీ సిమ్ము. ఇంట్లో ఇద్దరికి రెండు కంపెనీల సిమ్ములుండడం దండగని మా వారు ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు. ఇప్పుడు అనరు లెండి.

సాయంత్రం అయిదున్నరకు వరస మార్చారు. ఇంక ఖాయం చేయాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ ఎవరి సెల్‌కు? రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన నంబరు మరిదిది! ఆయనేమో డ్యూటీలో, సెల్ లాకర్లో. చెల్లెలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆఫీసు నంబరు ఎక్కడో పాత డైరీలో ఉందని గుర్తొచ్చి, ఇంటి పక్కావిడకు ఫోన్ చేసి, తాళంచెవి ఇచ్చి ఉంచాం గనుక ఆవిడ లోపలికెళ్లి డైరీ తెచ్చి చదివి, ఆయన్ను పిలిపించి... నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో అత్తమ్మ కూడా గొణుగుడు ఆపి పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఓటీపీ చెప్పారు, కొట్టింది, అయిపోయింది. వెంటనే ఆ పేజీని ఫోటో తీయించాను, ఎందుకైనా మంచిదని.

మర్నాడు సోమశిల. శ్రీశైలం జలాశయం కోసం 1980ల మొదట్లో ఈ చుట్టుపక్కల ఊళ్లు మునిగినప్పుడు గుళ్ల రాళ్లు విప్పి, పైకి తెచ్చి మళ్లీ కట్టారు. లలితా సోమేశ్వరస్వామి గుడి కూడా అట్లా వచ్చిందే. అత్తమ్మ మొక్కు తీర్చుకుని ఒడ్డున కూర్చుంది. వేపిన చేపల వాసన వస్తున్నా మాకు ఆ రోజు శాకాహారమే.

"మీ చిన్నత్తకు కృష్ణమ్మను చూపిస్త, నీ సెల్లో వీడియో కొట్టు" అంది నాతో. నా సెల్‌లో ఆ రోజు డేటా ఇంకా చాలానే ఉంది. వెంటనే కొట్టాను.